ఇక్కడ ప్రూడీ క్షేమం

పేకోస్ ఏటి ఒడ్డు, ఊబి గుడిసె
1894, ఫిబ్రవరి మొదట్లో

హెట్టీ అక్కకి ఎమ్మెట్ రాసేది,

ముందు ప్రూడీ సంగతి చెప్పేస్తా, లేకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవు. ప్రూడీ బాగుంది. నాకంటే బాగుంది. నేను కిటికీ కూడా లేని గుడిసెలో, తలుపు సందుల్లోంచి వచ్చే చలిగాలికి వణుకుతూ మూడు పూటలా చిక్కుడు గింజలే తింటున్నా, అది మాత్రం ఏటి గట్టున గడ్డి ఏరుకుని మరీ తింటోంది. ఎవరైనా దగ్గరికెళ్తే కింది దవడ పక్కకి తిప్పి, పోయిన ప్రూడెన్స్ అత్త చూసినట్టే చూస్తోంది. ఆ ఆవుకి ఆ పేరు పెట్టిన నాన్నకి దండం పెట్టాలి.

ఇక నా సంగతి. ఈగలొచ్చేశాయి. నీకు తెలుసులే, కానీ ఈ ఉత్తరం బావకి చదివి వినిపిస్తావు కదా, ఆయన కోసం రాస్తున్నా. బావగారూ, మడమ ఈగ అంటే పెద్ద రాకాసేం కాదు. చిన్న తేనెటీగంత ఉంటుంది. కుట్టదు, కరవదు. ఊరికే వచ్చి ఆవు గిట్ట పైన, మడమ దగ్గర ఓ గుడ్డు అంటించి పోతుంది. అంతే! ఆ మాత్రానికి ఈ ఆవులున్నాయి చూశారా, తోక జెండాకర్రలా లేపి, కళ్ళు తేలేసి, ఏట్లోకి ఒకటే పరుగు. నీళ్ళలో నిలబడితే ఈగ రాదని వాటికి తెలుసు. ఏటి అడుగున ఊబి ఉందని మాత్రం తెలీదు. చలికాలమంతా ఎండి చిక్కిపోయిన ఆవు పొట్టదాకా దిగబడితే ఇంక బయటికి రాలేదు. దాన్ని లాగడమే మా పని.

మా అంటే నేనూ, ఎవారిస్తో. ఈ ఒడ్డున ఎన్నేళ్ళ నుంచి ఉన్నాడో ఆయనకే గుర్తులేదు. మొదటి రోజే చెప్పాడు, "ఒరే, ముందు కాళ్ళ చుట్టూ బురద తవ్వు. కొమ్ములకి తాడెయ్యి. గుర్రంతో లాగు. గట్టుకొచ్చాక తోక పట్టి లేపు. లేపాక పరిగెత్తు."

"ఎందుకు పరిగెత్తడం?" అన్నా.

"నువ్వే చూస్తావుగా," అన్నాడు.

చూశా అక్కా. కాపాడిన ఆవు లేచి నిలబడి చేసే మొట్టమొదటి పని, కాపాడినవాణ్ణి పొడవడానికి రావడం. నేను మెస్కీట్ చెట్టెక్కా. దానికి ముళ్ళుంటాయని ఎక్కాక గుర్తొచ్చింది. కింద ఆవు, పైన నేను, పక్కన గుర్రం మీద ఎవారిస్తో పొట్ట పట్టుకుని నవ్వు.

ఇప్పుడు అసలు మాట. ఏప్రిల్ మధ్యలో మంద యజమాని స్ట్రోడ్ ఈ ఊబి గుడిసె మూసేస్తాడు. అప్పుడు వంట బండి వెంట మంద తోలడానికి కొందర్ని ఏరుకుంటాడు. బండి వెంట పోవాలంటే ఎవడి జీను వాడికుండాలి. నాకిక్కడిచ్చింది గుడిసె జీను. దాని ముందు తాడు బిగించే కొమ్ము పగిలితే తీగ చుట్టారు. దాని మీద కూర్చుంటే కట్టెలమోపు మీద కూర్చున్నట్టుంది. అందుకని మన ఒప్పందం మర్చిపోకు. ఈగల కాలం దాటించి ప్రూడీని నీకప్పగిస్తా, నువ్వు నాన్న జీను నాకప్పగిస్తావు. దానికి నూనె రాస్తూ ఉండు.

నీ తమ్ముడు
ఎమ్మెట్

*

కార్డర్ ఊరు, క్లింగె దాణా కొట్టు
ఫిబ్రవరి మధ్యలో

ఒరే ఎమ్మెట్,

నీ ఉత్తరం అందింది. సగం సిరా, సగం బురద. బావకి చదివి వినిపించా. నువ్వు ముళ్ళచెట్టెక్కిన చోటు మళ్ళీ చదవమన్నాడు. ఆయన నవ్వడు కదా, మీసం మాత్రం కొంచెం కదిలింది.

ఒప్పందం నాకు గుర్తుంది. నీకే సగం గుర్తున్నట్టుంది, మిగతా సగం నేను చెప్తా. ఇక్కడ వానల్లేక గడ్డి లేదు కాబట్టి, నువ్వు వెళ్తూ వెళ్తూ "నేను చూసుకుంటానక్కా" అని కాళ్ళావేళ్ళా పడ్డావు కాబట్టి ప్రూడీని నీ వెంట పంపా. అది అమ్మ చేత్తో పాలు తాగి పెరిగిన ఆవు. ఇప్పుడు చూలుతో ఉంది. అది, దాని కడుపులో దూడ, రెండూ నా గేటులోకి నడిచొస్తే జీను నీది. రాకపోతే కొట్లో ఏప్రన్ నీది. బావ దాన్ని ఉతికించి, ఇస్త్రీ చేయించి, నీ పేరు చెప్పి మేకుకి తగిలించాడు. "కుర్రాడు పొడుగయ్యుంటాడు, అంచు విప్పి కుట్టనా?" అని సూది కూడా పట్టుకొచ్చాడు. ఆయనకా గోతాం సూది తప్ప వేరే సూది ఉందని తెలీదు.

నువ్వు నవ్వకు. నీకు బడి నచ్చలేదు, మానేశావు. కమ్మరి కొలిమి నచ్చలేదు, మానేశావు. ఇది కూడా ఎన్నాళ్ళో చూస్తా.

ప్రూడీ వీపు తడిమి చూస్తున్నావా? పోయినేడు ఈగలు మడమ దగ్గర పెట్టిన గుడ్లు పురుగులై, ఒంట్లో లోపల్లోపలే పాకి ఇప్పుడు వీపు మీద గడ్డలై లేస్తాయి. ఒక్కో గడ్డకి ఒక్కో కన్నం, లోపల వేలి కణుపంత పురుగు. రెండు బొటనవేళ్ళతో నొక్కు, టప్పున బయటికొస్తుంది. మొహం పక్కకి పెట్టుకుని నొక్కు. తర్వాత పందికొవ్వు, ఉప్పు కలిపి రాయి.

జీను షెడ్డులో దూలానికి వేలాడుతోంది. కళకళలాడుతోంది.

నీ అక్క
హెట్టీ

*

ఊబి గుడిసె
ఫిబ్రవరి చివర

ప్రియమైన అక్కా,

ప్రూడీ చాలా బాగుంది. ఎంత బాగుందంటే చెప్పలేను. ఒళ్ళు నిగనిగలాడుతోంది. నిన్న కూడా చూశా. ఇవాళ పొద్దున కూడా చూశా. ఇప్పుడు కూడా కిటికీలోంచి చూస్తూనే రాస్తున్నా. నువ్వు చెప్పినట్టే వీపు మీద పురుగులన్నీ నొక్కి తీశా. ఇప్పుడా వీపు మీద పళ్ళెం పెట్టుకుని భోజనం చెయ్యొచ్చు, అంత శుభ్రం. దాని గురించి నువ్వసలు ఆలోచించనే వద్దు. అడగను కూడా వద్దు.

ఇక్కడ విశేషాలేం లేవు. ఈగలు. బురద. చిక్కుడు గింజలు.

ప్రేమతో
ఎమ్మెట్

మరోమాట: ఎవారిస్తోకి ఒక ఆవుంది. నాది కాదు, ఆయనదే. మొన్న మిట్టమధ్యాహ్నం ఈగ వాలిందట, తోక లేపిందట, మిగతా ఆవుల్లా ఏటివైపు రాకుండా గట్టెక్కి గుట్ట దాటిపోయిందట. దాని కాపలా ఉన్నవాడు (నేను కాదు) అప్పుడే వేరే ఆవుని లాగుతూ నడుందాకా బురదలో ఉన్నాడట. బయటికొచ్చి చూస్తే గుట్ట అవతల దుమ్ము కూడా లేదు. ఇంకో రోజంతా వెతికాడట. నీకు ఆవుల మనసు తెలుసు కదా, అలాంటి ఆవు ఎటు పోతుందంటావ్? ఎవారిస్తో పాపం అన్నం తినట్లేదు. ఎర్రావు, మొహం సగం తెలుపు. తొందరగా రాయి.

*

కార్డర్ ఊరు
మార్చి మొదట్లో

ఒరే తమ్ముడూ,

ప్రూడీ వీపు మీద భోజనం చెయ్యొచ్చని రాశావు, చాలా సంతోషం. కిటికీలోంచి చూస్తూ రాశానన్నావు. మీ గుడిసెకి కిటికీ లేదని, చలిగాలి తలుపు సందుల్లోంచే వస్తుందని పోయిన్నెల నువ్వే రాశావురా. ఈమధ్య పెట్టించారేమోలే.

ఆ ఎవారిస్తోగారి ఆవు గురించి నేనేం చెప్పను? ఆవు తనకి ఉప్పు పెట్టిన చోటు మర్చిపోదు. కాళ్ళు పనిచేస్తే అటే పోతుంది. ఆయన్ని అన్నం తినమను.

ప్రూడీ ఎడమ కొమ్ము ఎలా ఉంది? ఊరికే అడుగుతున్నా. చివర కొస బాగానే ఉందా? మెడలో గంట అలాగే ఉందా, వారు తెగిందా? అన్నీ వివరంగా రాయి. నువ్వెంత వివరంగా రాస్తే నాకంత ఆనందం. నీ ఉత్తరాలు పక్కన పెట్టుకుని చదువుకుంటున్నా, ఎదురుగా చూసినట్టే ఉంటుంది.

ఇక్కడ విశేషమేంటంటే, పొరుగింటి టిల్మన్ గారి భార్య ఆవుని మా షెడ్డులో కట్టేశాం. దాని వీపు నిండా పురుగులే. రోజూ సాయంత్రం నేను నొక్కుతున్నా, బావ మొహం పక్కకి పెట్టుకుని లాంతరు పట్టుకుంటున్నాడు. ఎవడో చేతకానివాడి దగ్గర చలికాలం గడిపిందట పాపం.

నీ అక్క
హెట్టీ

మరోమాట: ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పి రాస్తున్నా. ఒక చిన్న సందేహం. ఆ టిల్మన్ గారి భార్యకి ఒక జీనుంది. పాతదే కానీ మంచిది. దూలానికి వేలాడుతుంటే కింద పడిందట. రాత్రి దాన్ని ఏదో జంతువు నాకిందట, కొంచెం నమిలిందట కూడా. కొంచెం అంటే కూర్చునే చోటు, రెండు పక్కల రెక్కలు, రికాబు పట్టీలు. మిగతాదంతా బాగానే ఉంది. మిగతాదంటే కర్ర చట్రం, కొమ్ము. అలాంటిదాన్ని బాగు చెయ్యొచ్చా? ఆవిడ పాపం తెగ బాధపడుతోంది.

*

ఊబి గుడిసె
మార్చి మధ్యలో

అక్కా,

ప్రూడీ ఎడమ కొమ్ము అద్దంలా ఉంది. కొస సూదిలా ఉంది. నిన్న దానికి కూడా పందికొవ్వు రాశా. గంట గణగణ మోగుతోంది, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వట్లేదు.

కిటికీ అంటే తలుపనే అర్థం.

ఒక మంచి కబురు. స్ట్రోడ్ నిన్న ఇటొచ్చాడు. ఈ ఏడు ఊబిలో చచ్చిన ఆవులు ఎప్పటికంటే తక్కువని ఆయన చెవిన పడిందట. ఎవారిస్తో చెప్పాడు, "ఈ కుర్రాడికి పిచ్చి పట్టిందయ్యా. బురదలో ఎక్కడ ఎర్ర వీపు కనబడినా గుర్రం ఆపకుండానే దూకుతున్నాడు. అది మనదా, పక్కవాళ్ళదా అని కూడా చూడట్లేదు. లాగడం, మొహం తుడిచి చూడటం, ఉసూరుమనడం, చెట్టెక్కడం. ఇదే పని."

స్ట్రోడ్ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. బురద తప్ప ఏం కనబడలేదనుకుంటా. "జీనుందా నీకు?" అన్నాడు.

"మా అక్క దగ్గరుంది," అన్నా.

"తెచ్చుకో. బండి బయల్దేరేలోపు వస్తే వంట బండి వెంట నీకు చోటుంది. రాకపోతే లేదు."

అక్కా, ఆ మాట విన్నాక తాడు తీసుకుని మళ్ళీ ఏటి గట్టుకెళ్ళిపోయా. సంతోషమే అనుకో.

టిల్మన్ గారి భార్య సంగతి. ఆవిడకసలు బుర్రుందా? మనిషి చెమట, గుర్రం చెమట ఏళ్ళ తరబడి పట్టిన తోలంటే ఆవుకి ఉప్పుమిఠాయి. పాలపళ్ళ పిల్లాడికి కూడా తెలుసు ఆవు ఉన్న చోట జీను పెట్టకూడదని! అలాంటి మనిషికి జీనెందుకు, పీట చాలు. బాగు చెయ్యొచ్చా అని అడిగావు కదా. చట్రం, కొమ్ము గట్టిగా ఉంటే మళ్ళీ పచ్చితోలు తొడిగి కుట్టుకోవచ్చు. కానీ ఒక ఆవు తోలంతా కావాలి. దాన్ని కుట్టే ఓపికున్నవాడు కావాలి. ఆవిడకి రెండూ దొరకవులే. ఆ ఆవుని మాత్రం మెచ్చుకోవాలి, రికాబు పట్టీలు కూడా వదల్లేదా!

నాన్న జీను అలాంటి మనిషి చేతిలో పడకుండా నీ దగ్గరున్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నా. నేనే వచ్చి తీసుకెళ్తా, ఏప్రిల్ మొదట్లో.

ఎమ్మెట్

*

కార్డర్ ఊరు
మార్చి చివర

ఎమ్మెట్,

నువ్వు రావొద్దు. దారి బాలేదు. ఇక్కడ అందరికీ జలుబు. నీక్కూడా అంటుకుంటుంది.

జీను బాగుంది. దాన్ని ఇప్పుడు షెడ్డులో కాదు, ఇంట్లోనే గుడ్డ కప్పి పెట్టాం. గుడ్డ తియ్యొద్దని బావ అన్నాడు, గాలి తగిలితే తోలుకి మంచిది కాదట.

టిల్మన్ గారి భార్యని అన్నన్ని మాటలనాల్సింది కాదు. ఆవిడ మంచి మనిషి. ఎవరికైనా జరుగుతుంది.

ప్రూడీకి నా ముద్దులు.

హెట్టీ

*

ఊబి గుడిసె
ఏప్రిల్ మొదట్లో

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు సరుకుల బండిలో ఒక మూట వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత మూట విప్పు.

ప్రూడీ లేదు.

ఫిబ్రవరి నుంచీ లేదు. ఎవారిస్తోకి ఆవే లేదు. గుట్ట దాటి పోయింది ప్రూడీ. బురదలో నడుందాకా ఉండి వేరే ఆవు తోక పట్టుకుని చూస్తూ ఉండిపోయింది నేను. అప్పుడు రాసిన ఉత్తరంలోనే చెప్పాల్సింది. దొరికాక చెబుదామనుకున్నా. దొరుకుతుందనే ప్రతి ఎర్ర వీపు మీదకీ దూకా. నా గురించి స్ట్రోడ్‌కి అంత గొప్పగా తెలిసింది అందుకే. పనిమంతుణ్ణయి కాదు.

మొన్న సాయంత్రం దొరికింది. వంకలో, ఎవరూ పోని చోట, మెడదాకా దిగబడి ఉంది. ఎర్రావు, మొహం సగం తెలుపు. మిగతా సగమంతా బురద. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో, నన్ను చూసి అరవను కూడా లేదు. కాళ్ళు తవ్వా. తాడేశా. గుర్రం లాగింది, కొంచెం కదిలింది కూడా. అప్పుడు టక్కుమని చప్పుడైంది. జీను కొమ్ము విరిగిపోయింది. తీగ చుట్టిందే. తాడు పోయి నీళ్ళలో పడింది. ఎవారిస్తో కోసం పరిగెత్తా. మేం వచ్చేసరికి అయిపోయింది.

చీకటి పడిందని మర్నాడు పొద్దున పైకి లాగాం. రాత్రే తోడేళ్ళొచ్చి, ఎవరి ఆవో తెలియడానికి కాల్చే ముద్ర ఉండే తొడ, తల, సగం తినేశాయి. మన ప్రూడీకి ముద్ర లేదు కాబట్టి ఉందో లేదో చూద్దామన్నా చూడ్డానికి ఏం మిగల్లేదు. కానీ నాకు తెలుసు.

చచ్చిన ఆవుల తోళ్ళు మందకే చెందుతాయి. ఇది మా అక్క ఆవు అని స్ట్రోడ్‌ని అడిగి తెచ్చుకున్నా. నేనే ఒలిచా, ఉప్పు పట్టించా. అమ్మ చేత్తో పాలు తాగిన ఆవు, దాన్ని ఇక్కడ కాకులకి వదిలి రాలేకపోయా. పెరట్లో పాతిపెట్టు, ఏం చేస్తావో నీ ఇష్టం.

జీను నాది కాదు. నాన్న ఎంత పెద్ద మంద తోలుకుని ఎంత దూరం పోయినా ఒక్క ఆవుని పోగొట్టలేదని నువ్వే చెప్పేదానివి. ఎవరికైనా ఇచ్చెయ్. వంట బండి వెళ్ళిపోయాక నేను నడిచొస్తా. ఏప్రన్ అంచు విప్పి కుట్టమని బావకి చెప్పు. నిజంగానే పొడుగయ్యా.

ఎమ్మెట్

*

కార్డర్ ఊరు
ఏప్రిల్, నీ మూట అందిన నాలుగో రోజు

ఒరే వెర్రి ఎమ్మెట్,

కూర్చుని చదువు. చెట్టు మీద కాదు, కింద.

నీ ఉత్తరం పెరట్లో నిలబడి చదివా. సగం దాకా వచ్చేసరికి కళ్ళు మసకేశాయి. బావ మూట విప్పి తోలు నేల మీద పరిచాడు. అప్పుడు షెడ్డులోంచి ప్రూడీ నడిచొచ్చింది. తోలుని వాసన చూసింది. కింది దవడ పక్కకి తిప్పింది. తర్వాత తీరిగ్గా తోలు మీద ఉప్పంతా నాకింది. తన చావు సామాను తానే నాకుతున్న ఆవుని నేను పుట్టాక మొదటిసారి చూశాను.

అవున్రా. ప్రూడీ ఇక్కడే ఉంది. ఫిబ్రవరి చివర ఒక పొద్దున గేటు తీస్తే బయట నిలబడి ఉంది, గంట వారు తెగి, ఎడమ కొమ్ము కొస విరిగి, గిట్టలు అరిగి. గేటు నేనింత ఆలస్యంగా తీశానేంటన్నట్టు చూసింది. నువ్వు అద్దంలా ఉందని రాసిన కొమ్ము అదే. నువ్వు అక్కడ శుభ్రం చేసిన వీపు మీద పురుగులు నేనిక్కడ నొక్కుకుంటూ కూర్చున్నా. నువ్వు ఎంత దూరం అబద్ధమాడతావో చూద్దామని, చూసి ఆ ఉత్తరాలన్నీ నీ పెళ్ళిలో అందరి ముందూ చదువుదామని ఊరుకున్నా. ఆ రోజే చెప్పేసి ఉండాల్సింది. నువ్వు వంకలో అంత బాధపడ్డావంటే అందులో సగం పాపం నాది.

ఆ తర్వాత కూడా ఎందుకు చెప్పలేదో చెప్తా. నవ్వితే చంపుతా. టిల్మన్ గారి భార్యకి జీను లేదు. గుర్రం కూడా లేదు.

ఆవు కనబడక నువ్వు ఏడుస్తావని నవ్వుకుంటూ ఉత్తరం మడిచిపెట్టి పడుకున్నానా, పొద్దున లేచి షెడ్డులోకెళ్తే ప్రూడీ నాన్న జీను మీద నిలబడి ఉంది. నోట్లోంచి రికాబు పట్టీ ఒకటి వేలాడుతోంది. పట్టుకుని లాగితే అది కూడా లాగింది. ఎవరు గెలిచారో నీకు తెలుసు. ప్రూడీ ఇక్కడుందని చెప్తే నువ్వు మర్నాడే జీను కోసం వాలిపోతావు. అందుకే నోరు మూసుకున్నా. ఆ తర్వాత నువ్వు రాసిన ఉత్తరం, "ఆవిడకసలు బుర్రుందా, పాలపళ్ళ పిల్లాడికి కూడా తెలుసు" అన్నది, బావ నాకు రోజుకోసారి చదివి వినిపిస్తున్నాడు. మీసం కదలట్లేదు, భుజాలు కదులుతున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి విను. నేను తోలు పట్టుకుని ఏడవాలో నవ్వాలో తెలీక నిలబడి ఉంటే, బావ దాని అంచు రుద్ది చూశాడు. కొలిచాడు. ఇంట్లోకెళ్ళి గుడ్డ తీసి చట్రం పట్టుకొచ్చాడు. చట్రం చెక్కుచెదరలేదు. కొమ్ము ఉక్కులా ఉంది. "ఒక ఆవు తోలంతా కావాలి, కుట్టే ఓపికున్నవాడు కావాలి అని కుర్రాడు రాశాడుగా," అన్నాడు.

"నీకు జీను కుట్టడం వచ్చా?" అన్నా.

"గోతాలు కుట్టడం వచ్చు," అన్నాడు.

కొట్టు మూసేశాడురా! పెళ్ళిరోజు తప్ప ఎప్పుడూ మూయని మనిషి. తోలు తడిపి చట్రం మీద లాగి, గోతాం సూదితో, మైనం పట్టించిన పురికొసతో, వేళ్ళన్నీ పొడుచుకుంటూ కుట్టాడు. ఎండలో పెట్టి ఆరబెట్టాడు. ప్రూడీని మాత్రం పొరుగింట్లో కట్టేశాం. అది నిజంగానే టిల్మన్ వాళ్ళింట్లో. వెంట్రుకలు తీసే టైం లేదు, బండి వెళ్ళిపోతుందన్నాడు. అందుకని జీను రెక్కలు ఎర్రటి బొచ్చుతో ఉంటాయి. అందంగా లేదు. కానీ బావ దాని కొమ్ముకి తాడు కట్టి, ఇంకో కొస మన దాణా బండికి కట్టి గుర్రాలతో లాగించాడు. బండి కదిలింది, కొమ్ము కదల్లేదు.

ఒప్పందం గుర్తుందా? అది నా గేటులోకి నడిచొస్తే జీను నీదన్నా. ఎవరు తోలుకొచ్చారని అనలేదుగా. ఈగ తోలుకొచ్చినా వచ్చినట్టే. నిన్న దూడ కూడా పుట్టింది. కోడెదూడ. మొహం సగం తెలుపు. పుట్టిన గంటకే నా చెప్పు నాకింది.

ఇంకో మాట. నాన్న ఆవుల్ని పోగొట్టలేదని నేనే చెప్పాను, నిజమే. పోగొట్టినవి నాకు చెప్పలేదని అమ్మ తర్వాత చెప్పింది. నువ్వు పర్వాలేదు, చెప్పావు. ఆలస్యంగానైనా.

జీను ఈ ఉత్తరం తెచ్చిన బండిలోనే ఉంది. పరిగెత్తు.

నీ అక్క
హెట్టీ

మరోమాట: ఏప్రన్ ఇంకా మేకుకే ఉంది. బావ తీయనిస్తే కదా. దూడ కట్టుకుంటుందేమోనంటున్నాడు.

*

స్ట్రోడ్ వంట బండి, పేకోస్‌కి ఉత్తరాన ఎక్కడో
ఏప్రిల్ చివర

అక్కా, బావగారూ,

జీను అందింది. వంట బండికి ఎడ్లని కడుతున్నారు అప్పటికి. నేను ఎవారిస్తోకి వీడ్కోలు చెప్పేసి, మూటతో నడక మొదలుపెట్టబోతున్నా. సరుకుల బండివాడు "ఎమ్మెట్ ఎవడ్రా, నీకు సగం ఆవొచ్చింది" అని అరిచాడు.

ఉత్తరం అక్కడే నిలబడి చదివా. మధ్యలో ఒకచోట ఎవారిస్తో వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "లేదు, బతికారు," అన్నా. మొత్తం చదివి వినిపిస్తే నేల మీద కూర్చుని నవ్వాడు.

స్ట్రోడ్ దగ్గరికెళ్ళి ఆ తోలు మా అక్క ఆవుది కాదని, ఆయనదేనని చెప్పా. జీను చుట్టూ ఓసారి తిరిగాడు. బొచ్చు నిమిరాడు. "నా ఆవు మీద నువ్వు కూర్చుంటే నా ఆవు నా మందలోనే ఉన్నట్టు. ఎక్కు," అన్నాడు.

బండి వెంట అందరూ నన్ను బొచ్చుజీను అని పిలుస్తున్నారు. పిలవనీ. నిన్న ఒక గిత్త ఊబిలో దిగబడితే ముగ్గురి జీనులతో రాలేదు, బావ కుట్టిన జీనుతో వచ్చింది. ఒక్క కుట్టు వదల్లేదు. బావగారూ, ఇంతకాలం మీ సూది మీద నేనేసిన జోకులన్నీ వెనక్కి తీసుకుంటున్నా. మీసం కదిలితే అక్కని చూసి రాయమనండి. గిత్త మాత్రం లేచి నా వెంటే పడింది. ఈసారి ముళ్ళు లేని చెట్టు చూసుకున్నా.

రాత్రి అందరూ జీనులు తలకింద పెట్టుకుని పడుకున్నారు. నేను మాత్రం నాది తాడేసి చెట్టు మీదకి, అందనంత ఎత్తుకి లాగి కట్టా. వంటవాడు చూసి, "ఎవరికి భయం రా, తోడేళ్ళకా?" అన్నాడు.

"కాదు," అన్నా, "చుట్టాలకి."

ప్రూడీ క్షేమమని తలుస్తాను.

ఎమ్మెట్